క్రిస్మస్‌కి చాక్లెట్ శాండ్‌విచ్ కుకీలు: విశాఖ వంటింట్లో ఏ క్రీమ్, ఏ కోకో, ఏ ఓవెన్?

మొదటిసారి క్రిస్మస్‌కి చాక్లెట్ శాండ్‌విచ్ కుకీలు, అంటే రెండు బిస్కెట్ల మధ్య క్రీమ్ పెట్టినవి, చేసిన ఏడాది ఒక డబ్బా రాజమండ్రిలో ఉన్న మా అత్తయ్యకి పంపాను. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తున్న మా మరిది చేతికిచ్చాను. రెండు రోజులాగి ఫోన్ వచ్చింది. "నువ్వు పంపిన కేకులు భలే మెత్తగా ఉన్నాయే అమ్మాయ్!" కేకులు కాదు అత్తయ్యా, కుకీలు అని చెప్పబోయి ఊరుకున్నాను. మా ఇంట్లో కరకరలాడిన బిస్కెట్టు అక్కడ డబ్బా తెరిచేసరికి కేకైపోయింది. పిండిలో తేడా లేదు, బాగానే కాలింది కూడా. మధ్యలో పెట్టిన గనాష్, అదే చాక్లెట్‌లో వేడి క్రీమ్ కలిపి చేసేది, చేసిన పని అది.

అప్పటి నుంచి ఎవరైనా "ఏ రెసిపీ మంచిది?" అని అడిగితే ముందు నేనే ఒకటి అడుగుతాను. డబ్బా ఎక్కడికి వెళ్తుంది, ఎప్పుడు తెరుస్తారు? ఆ రాత్రే క్యారల్స్ వాళ్లకి పెట్టేదైతే ఒక దారి. న్యూ ఇయర్ దాకా ఇంట్లో ఉండాలంటే ఇంకోటి. బస్సులో శ్రీకాకుళం వెళ్లాలంటే మరోటి. బిస్కెట్టు దాదాపు అన్నిటికీ ఒకటే, మారాల్సింది లోపలి క్రీమే.

ముందు తేల్చుకోవాల్సినవి

క్రీమ్ పెట్టాక తినేదాకా ఎన్ని రోజులన్నది అన్నిటికన్నా ముఖ్యం. క్రీమ్‌లో నీళ్లు ఎంత ఉంటే అంత తొందరగా బిస్కెట్టు వాటిని పీల్చుకుంటుంది. పైగా మనది సముద్రం ఒడ్డు ఊరు. ఉప్పు డబ్బాలో ఉప్పు చెమర్చే ఇంట్లో బిస్కెట్టు ఒక్కటే పొడిగా ఉండమంటే ఉండదు. డిసెంబర్‌లో గాలి కాస్త నయమే. కానీ అల్పపీడనం పట్టి రెండు రోజులు ముసురేసిందంటే ఆ నయం కూడా ఉండదు.

రెండోది ఎవరు తింటారన్నది. మార్గశిర గురువారాలు, ధనుర్మాసం అన్నీ క్రిస్మస్ చుట్టుపక్కలే వస్తాయి. పక్కింటి పిన్నిగారికి ప్లేటు ఇవ్వాలంటే గుడ్డు ఉండకూడదు. ఇక్కడ చెప్పే వేటిలోనూ గుడ్డు లేదు. మార్ష్‌మాలో నింపే పద్ధతి కూడా ఒకటుంది గానీ, దుకాణాల్లో దొరికే మార్ష్‌మాలోల్లో చాలావాటికి జెలటిన్ కలుపుతారు, అది జంతువుల నుంచి వచ్చేది. అందుకే దాన్ని లెక్కలోంచి తీసేశాను. జీడిపప్పు, వేరుశెనగ పడని పిల్లలు ఎవరైనా ఉన్నారేమో కూడా ముందే అడగండి.

మూడోది మీ దగ్గరున్న ఓవెన్, మీకున్న టైమ్. దాని సంగతి చివర్లో.

నాలుగు క్రీములు ఒక చూపులో

| | బటర్‌క్రీమ్ | గనాష్ | వైట్ కాంపౌండ్ (తెల్ల చాక్లెట్ లాంటిది) + జీడిపప్పు | జామ్ |
|---|---|---|---|---|
| కరకర ఎంతసేపు | ఒకటి రెండు రోజులు | ఒక పూట, మహా అయితే ఒక రోజు | వారం పైనే, డబ్బా గట్టిదైతే | కొన్ని గంటలు |
| బయట పెట్టొచ్చా | చల్లటి రోజుల్లో రెండు రోజులు | ఒక రోజు, తర్వాత ఫ్రిజ్ | పెట్టొచ్చు | పెట్టొచ్చు, కానీ మెత్తబడుతుంది |
| ప్రయాణం | కష్టం, నొక్కితే పక్కకి వస్తుంది | కష్టం | బాగుంటుంది | జిగురు |
| పని | 10 నిమిషాలు | 15 నిమిషాలు, గంట ఆరబెట్టాలి | అరగంట, మిక్సీ కావాలి | ఏమీ లేదు |
| ఎవరికి | పిల్లలకి, ఆ రాత్రికి | చాక్లెట్ పిచ్చివాళ్లకి, పళ్లు లేనివాళ్లకి | ఊళ్లకి పంపేవాళ్లకి | టైమ్ లేనివాళ్లకి |

పాతిక కుకీలకి ఏ క్రీమైనా పావుకిలో సరిపోతుంది. ఒక్కో కుకీకి చిన్న ఉసిరికాయంత ముద్ద. అంతకంటే ఎక్కువ పెడితే కొరికినప్పుడు గౌనుల మీద పడుతుంది.

బటర్‌క్రీమ్

ఉప్పు లేని వెన్న 80 గ్రాములు, పంచదార పొడి 160 గ్రాములు. అంతే. బ్రెడ్డుకి రాసుకునే పసుపు వెన్నలో ఉప్పు ఉంటుంది, క్రీమ్‌కి అది పనికిరాదు. నేను ఒకసారి వేసి చూశాను. మా చిన్నది నాకి "అమ్మా, ఇది ఉప్పు బిస్కెట్టా?" అంది.

పంచదార మిక్సీలో వేసుకుంటే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలుతుంది, కానీ వెంటనే వాడేయాలి. దుకాణంలో అమ్మే ఐసింగ్ షుగర్‌లో కొంచెం కార్న్‌ఫ్లోర్ కలుపుతారు, అందుకే అది గడ్డ కట్టదు. మనం ఇంట్లో పట్టింది రాత్రికి రాత్రే ఉండలు కడుతుంది. కప్పు పంచదారకి ఒక స్పూను కార్న్‌ఫ్లోర్ వేసి పట్టి, రెండుసార్లు జల్లించండి. నాలుక మీద ఇసుకలా తగిలిందంటే జల్లెడ రంధ్రాలు పెద్దవన్నమాట.

దీని చిక్కంతా వేడితో. వెన్న పూర్తిగా కరగడానికి 32 నుంచి 35 డిగ్రీలు కావాలి, కానీ 25 దాటితేనే జావకారుతుంది. డిసెంబర్ మధ్యాహ్నం మన ఊళ్లో 28 దాకా పోతుంది. ఓవెన్ వెలిగిన వంటింట్లో ఇంకా ఎక్కువ. కాబట్టి బటర్‌క్రీమ్ పని సాయంత్రానికి పెట్టుకోండి. బిస్కెట్లు పూర్తిగా చల్లారాక, ఓవెన్ ఆపేశాక.

డాల్డా కలిపితే గట్టిగా నిలుస్తుందంటారు. నిజమే, నిలుస్తుంది. బేకరీ క్రీమ్ బిస్కెట్లలో అంగిటికి మైనంలా అంటుకునేది అలాంటి కొవ్వే. ఎండాకాలమైతే వెన్నలో నాలుగో వంతు కలపమంటానేమో. డిసెంబర్‌లో అవసరం లేదు.

పండగ వాసన రావాలంటే కమలాపండు తొక్కని పైపైన తురిమి వేయండి, ఆ నారింజ రంగు పొర మటుకే. కింద తెల్లది పడితే చేదు. పిప్పరమెంటు బిళ్లలు దంచి అంచులకి అద్దడం ఫొటోల్లో భలే ఉంటుంది. మన గాలికి మాత్రం గంటకల్లా చెమ్మ పట్టి, ఎరుపు రంగు కారి, కుకీ అంచు గులాబీ రంగు బురదలా తయారైంది. ఫొటో తీయడానికి అయిదు నిమిషాల ముందు అద్దితే సరి.

గనాష్

రుచికి దీన్ని మించింది లేదు. డార్క్ చాక్లెట్ 160 గ్రాములు సన్నగా తరిగి, 80 గ్రాముల ఫ్రెష్ క్రీమ్ పొగలు వచ్చేదాకా వేడిచేసి దాని మీద పోసి, రెండు నిమిషాలు కదపకుండా వదిలేసి, ఆ తర్వాత మధ్య నుంచి మెల్లగా కలపాలి. ట్రఫుల్స్ అనే చాక్లెట్ ఉండలకి చేసే కొలతే ఇది. కేకు మీద పోసే గనాష్‌లా సగానికి సగం వేస్తే శాండ్‌విచ్‌లో నిలవదు, జారిపోతుంది. వైట్ చాక్లెట్‌తో చేస్తే క్రీమ్ ఇంకా తగ్గించి 3 వంతులకి 1 వంతు.

క్రీమ్ వేడిచేసేటప్పుడు అరకు కాఫీ పొడి ఒక స్పూను వేసి, అయిదు నిమిషాలు మూతపెట్టి, వడకట్టి పోయండి. 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చిన కాఫీ అది, కొండెక్కితే అరకు. మనం వాడకపోతే ఎవరు వాడతారు! కాఫీ రుచి విడిగా తెలియదు, చాక్లెట్టే ఇంకాస్త చాక్లెట్‌గా ఉంటుంది.

కానీ ఇందులో పాల తడి ఉంది. ఆ తడి రాత్రంతా బిస్కెట్టులోకి పాకుతుంది. రాజమండ్రిలో జరిగింది అదే. దానికి తోడు తాజా క్రీమ్ కాబట్టి బయట రోజుల తరబడి ఉంచకూడదు. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఉంటుంది, తినే ముందు పావుగంట బయట పెట్టాలి. ఫ్రిజ్‌లోంచి తీయగానే మూత తెరవకండి. మూత పెట్టి ఉండగానే డబ్బా వేడెక్కాలి. లేదంటే చల్లటి కుకీ మీద గాలిలో చెమ్మంతా చుక్కలు కట్టి కూర్చుంటుంది.

వైట్ కాంపౌండ్, జీడిపప్పు

ఇప్పుడు నేను ఎక్కువగా చేసేది ఇదే, కాబట్టి కాస్త పక్షపాతం ఉంటుంది, మీరే సర్దుకోండి. ఇందులో నీళ్లు దాదాపు లేవు. అదొక్కటే దీని బలం.

జీడిపప్పు 100 గ్రాములు. గుండు పప్పు అక్కర్లేదు, పూర్ణా మార్కెట్ వైపు కిరాణా కొట్లలో ముక్క అడిగితే చవగ్గా వస్తుంది. పలాస దగ్గరే కాబట్టి మనకి మంచి పప్పుకి లోటు లేదు. సన్నటి మంట మీద లేత రంగు వచ్చేదాకా వేయించి, చల్లార్చి, చిన్న జార్‌లో వేయండి. మొదట పొడి అవుతుంది. తర్వాత జార్ గోడలకి అతుక్కుంటుంది, ఇంక కాదేమో అనిపిస్తుంది. గరిటెతో దించి మళ్లీ తిప్పండి. నాలుగైదు విడతలయ్యాక ఉన్నట్టుండి నూనె వదిలి, జారుగా, మెరుస్తూ పేస్టవుతుంది. ఏకబిగిన తిప్పితే మిక్సీ మోటారు వాసనొస్తుంది. మధ్యలో రెండేసి నిమిషాలు ఆపాలి. చుక్క నీళ్లు కూడా పోయకండి.

వైట్ కాంపౌండ్ 150 గ్రాములు వేడినీళ్ల గిన్నె మీద కరిగించి ఈ పేస్టు కలపాలి. కింద నీళ్లు తెర్లకూడదు, పైగిన్నె అడుగు నీళ్లకి తగలకూడదు. ఒక్క ఆవిరి చుక్క పడినా చాక్లెట్ విరిగి సున్నుండ పిండిలా ముద్దకడుతుంది. ఒక పండక్కి అలా విరిగితే, గరిటెడు వేడి పాలు పోసి సాస్‌లా చేసి ఐస్‌క్రీమ్ మీద పోసుకున్నాం. కుకీలకి మాత్రం పనికిరాలేదు.

కాంపౌండ్ అంటే కోకో బటర్ బదులు వేరే వెజిటబుల్ ఫ్యాట్‌తో చేసింది. అసలు చాక్లెట్ కరగనిచ్చి ఊరికే ఆరబెడితే తెల్లటి మచ్చలు కడుతుంది, టెంపరింగ్ చేయాలి, అంటే కొలిచిన వేడిలో కరిగించి చల్లార్చాలి. కాంపౌండ్‌కి ఆ టెన్షన్ లేదు. నోట్లో అసలు చాక్లెట్‌లా కరగదన్నది నిజమే. జీడిపప్పు ఆ లోటుని చాలావరకు కప్పేస్తుంది. ఒక చిటికెడు ఉప్పు మర్చిపోకండి, లేకపోతే మరీ తీపి.

పంచదార తగ్గుతుందని బెల్లం పొడి కలిపి చూశాను. బెల్లం గాలిలో తడిని లాక్కుంటుంది. రెండో రోజుకి క్రీమ్ చుట్టూ పాకం ఊరింది. వద్దు.

జామ్

చెప్పుకోవడానికి పెద్దగా లేదు. పిల్లలకి అప్పటికప్పుడు రాసిస్తే బాగుంటుంది. పులుపు కావాలనుకుంటే కుకీ మధ్యలో చుక్కంత జామ్ పెట్టి, చుట్టూ బటర్‌క్రీమ్ గట్టులా వేయండి, కాస్త ఆగుతుంది.

బిస్కెట్టు, కోకో

పాతిక కుకీలకి మైదా 200 గ్రాములు, కోకో 50, వెన్న 150, పంచదార పొడి 120, పావు టీస్పూను వంటసోడా, చిటికెడు ఉప్పు. పిండి పట్టుబడకపోతే ఒకటి రెండు స్పూన్ల చల్లటి పాలు. వెన్న, పంచదార నురగ వచ్చేలా గిలక్కొట్టకండి, కలిస్తే చాలు. గిలక్కొడితే కాలేటప్పుడు పరుచుకుంటుంది, అప్పుడు జతలు కుదరవు. రెండు మందపాటి ప్లాస్టిక్ షీట్ల మధ్య నాలుగు మిల్లీమీటర్ల మందాన ఒత్తి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, 5 సెంటీమీటర్ల మూతతో కోయండి. పొడిపిండి చల్లాల్సి వస్తే మైదా కాకుండా కోకో చల్లాలి, తెల్ల మరకలు పడవు. ఫోర్కుతో నాలుగు గుచ్చులు గుచ్చితే పొంగదు.

ఇక కోకో. మామూలుది పుల్లగా, గోధుమరంగులో ఉంటుంది. డచ్ రకం ముదురు రంగు, పులుపు చచ్చిన రుచి. 19వ శతాబ్దంలో నెదర్లాండ్స్‌లో క్షారం కలిపి పులుపు విరిచే పద్ధతి పెట్టారు కాబట్టి ఆ పేరు. ప్యాకెట్ వెనక ఆల్కలైజ్డ్ అనో, అసిడిటీ రెగ్యులేటర్ అనో ఉంటే అది డచ్. ఏది కొనాలంటే, సోడాని బట్టి. మామూలు కోకోలో పులుపుకి, సోడాకి సరిపోతుంది. డచ్ కోకోలో సోడా వేస్తే పులుపు లేక సోడా అలాగే మిగిలి సబ్బు రుచి వస్తుంది. దానికి సోడా మానేసి అర టీస్పూను బేకింగ్ పౌడర్ వేయండి. వైట్ క్రీమ్ పెడుతున్నారా, డచ్ కొనండి, నలుపు తెలుపు బాగా కనపడతాయి. గనాష్ అయితే మామూలుది చాలు.

డ్రింకింగ్ చాక్లెట్ పొడి కోకో కాదు. అందులో సగానికి పైగా పంచదారే ఉంటుంది.

ఎంత డచ్ వేసినా "ఓరియోలా నల్లగా లేదేంటి?" అని పిల్లలు అడగక మానరు. 1912లో అమెరికాలో పుట్టి, 2011లో మన దేశానికి వచ్చిన ఆ బిస్కెట్టే వాళ్లకి కొలబద్ద. అంత నలుపు రావాలంటే క్షారం బాగా ఎక్కువ పట్టించిన బ్లాక్ కోకో కావాలి. దాన్ని పూర్తిగా వాడితే వెన్న రుచి చచ్చిపోతుంది, 50 గ్రాముల్లో 10 గ్రాములు చాలు.

మన కోకో గురించి ఒక మాట. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఏలూరు, పశ్చిమగోదావరి వైపు కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో కాస్తుంది. రత్నాచల్‌లో ఏలూరు మీదుగా వెళ్లినప్పుడల్లా, బిస్కెట్టు రంగంతా ఈ తోటల్లోంచే కదా అనిపిస్తుంది.

ఏ ఓవెన్

మా చిన్నప్పుడు ఇంట్లో ఓవెన్ ఎక్కడిది! అమ్మ పిండి కలిపి, రేకుల్లో సర్ది, పైన గుడ్డ కప్పి వీధి చివర బేకరీకి పంపేది. వాళ్ల రొట్టెలు దిగాక మా రేకులు ఎక్కేవి. పక్కన నిలబడి కాపలా కాయడం నా పని, లేకపోతే ఎవరి రేకు ఎవరింటికి వెళ్తుందో తెలియదు.

ఇప్పుడైతే ఓటీజీ (కాయిల్స్‌తో కాలే చిన్న కరెంటు ఓవెన్) ఉన్నవాళ్లు అదృష్టవంతులు. కిందా పైనా కాయిల్స్ వేసి, పావుగంట ముందే వేడిచేసి, 170 డిగ్రీల్లో 11 నుంచి 13 నిమిషాలు. చాక్లెట్ బిస్కెట్టుకి రంగు చూసి కాలిందని చెప్పలేం, ముందే నల్లగా ఉంటుంది. అంచు వేలికి గట్టిగా, మధ్యలో కొంచెం మెత్తగా తగిలితే తీసేయాలి. చల్లారాక గట్టిపడుతుంది. ఘాటైన చాక్లెట్ వాసన వంటిల్లు దాటి హాల్లోకి వచ్చిందంటే అప్పటికే ఒక నిమిషం ఆలస్యం.

కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో ఫ్యాన్ ఉంటుంది కాబట్టి 160 చాలు. గుండ్రటి ప్లేటులో పది పట్టడమే కష్టం. పాతిక కుకీలకి రెండేసి చొప్పున యాభై బిల్లలకి అయిదారు వాయిలు పెట్టుకోవాలి. ఉన్నవాళ్లు దీనికోసం ఓటీజీ కొనాల్సిన పనైతే లేదు.

కుక్కర్‌లో కూడా అవుతుంది. గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి, స్టాండు పెట్టి, పది నిమిషాలు సన్నమంట మీద వేడిచేయాలి. ఒక వాయికి ఆరేడు, పదిహేను పద్దెనిమిది నిమిషాలు. లెక్కేసుకోండి, రెండు గంటల పైమాటే. పైనుంచి వేడి తగలదు కాబట్టి అడుగు ముందు కాలుతుంది, మూడు మిల్లీమీటర్లకి పల్చగా ఒత్తండి. ఉప్పు బదులు ఇసుక పోస్తారు కొందరు. పోసేవాళ్లు ఆర్కే బీచ్ నుంచి మాత్రం తేకండి. ఒకాయన తెచ్చి వేడిచేస్తే ఎండుచేపల వాసన వచ్చిందని వాళ్లావిడ ఇప్పటికీ చెబుతుంది.

ఏ ఓవెన్‌లో చేసినా, బిస్కెట్లు రెండు మూడు రోజుల ముందే చేసి గాలి చొరని డబ్బాలో పెట్టుకోవచ్చు. క్రీమ్ పెట్టబోయే ముందు మెత్తబడ్డాయనిపిస్తే 150 డిగ్రీల్లో అయిదు నిమిషాలు మళ్లీ వేడిచేసి చల్లార్చండి, కరకర తిరిగొస్తుంది. ముసురు పట్టిన రోజైతే అనిపించకపోయినా చేయండి.

ఇక మీ సంగతి

ఉద్యోగం చేస్తూ ఒక్క ఆదివారమే దొరికేవాళ్లు ఆ ఆదివారం బిస్కెట్లు కాల్చేసి, 24 సాయంత్రం బటర్‌క్రీమ్ పెట్టుకోండి. క్యారల్స్ వాళ్లు పదకొండింటికి వచ్చి, రెండు పాటలు పాడి, ఇరవై మంది ఒకేసారి ప్లేటు మీద పడతారు. వాళ్లకి రెండో రోజు కరకర గురించి దిగుల్లేదు. హాస్టల్లో ఉన్న అబ్బాయికో, స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్‌లో పాత స్నేహితులకో పంపేవాళ్లు జీడిపప్పుది చేయండి. డబ్బాలో పడుకోబెట్టకుండా రూపాయి బిళ్లల్లా నిలువుగా, వరసకీ వరసకీ మధ్య బటర్ పేపర్ మడత పెట్టి సర్దండి. ఆటో కుదుపుకి కదలవు. గనాష్ ఇంటి భోజనాల బల్లకే.

ఇంతా నేర్చుకుని పోయినేడు రాజమండ్రికి జీడిపప్పువి పంపాను. మూడో రోజుకి కూడా కరకరలాడుతూ ఉన్నాయని మరిది ఫోన్‌లో చెప్పాడు. నాకు గర్వంగా ఉంది. ఈలోగా అత్తయ్య ఫోన్ లాక్కుని, "ఏమ్మా, ఈసారి కేకులు ఇలా గట్టిపడిపోయాయేం? పోయినసారి లాంటివి పంపు" అన్నారు. ఈ ఏడు ఆవిడకి విడిగా చిన్న డబ్బా, గనాష్‌ది, మరిది రైలెక్కే ముందు రోజు రాత్రి నింపినది.